పెద్ద పరీక్ష రాయని పెద్ద ఆఫీసరు: వీపీ మీనన్ ముచ్చట

సెప్టెంబర్ 17 దగ్గరికొచ్చిందంటే మన కాడ పేర్ల పంచాది మొదలైతది. ఒకలు విమోచనం అంటరు, ఒకలు విలీనం అంటరు, ఇంకొకలు సమైక్యత అంటరు. ఎవలు ఏ పేరు పెట్టినా ఫ్లెక్సీల మీద సర్దార్ పటేల్ బొమ్మ మాత్రం ఉంటది. ఆ పటేల్ పక్కపొంటి ఫైలు పట్టుకొని నడిచిన మనిషి బొమ్మ మాత్రం యాడ కనిపియ్యది. ఆయన పేరు వీపీ మీనన్. అప్పటి సంస్థానాల శాఖకు సెక్రటరీ. నిజాం సర్కారుతోని ఢిల్లీ ఏడాది పొడుగునా నడిపిన బేరసారాలల్ల కాయితం పని ఎక్కువ ఆయన చేతుల మీదనే నడిచింది.

తమ్మీ, చెల్లే, ఈయన ముచ్చట ఇప్పుడు ఎందుకు ఎత్తుకున్ననంటే, ఆయన ఐసీఎస్ కాదు. పెద్ద పరీక్ష పాసై కొలువుకు రాలే. గుమస్తాగ చేరిండు. మన ఊర్లల్ల డిగ్రీ అయినోళ్లు బస్సెక్కి పట్నం పోయి, అశోక్‌నగర్‌ల రూమ్ తీస్కొని, చిక్కడపల్లి లైబ్రరీల జాగ పట్టుకొని యేండ్లకు యేండ్లు సదువుతున్నరు. కొడితే ఐఏఎస్ కొట్టాలె, లేకుంటే గ్రూప్-1 కొట్టాలె, అదీ లేకుంటే ఊర్లె మొకం సూపియ్యరాదన్న బాధ మస్తు మందికి ఉన్నది. గ్రూప్-4ల జూనియర్ అసిస్టెంట్ కొలువు వచ్చినోడు సుత ఆ సంగతి చెప్పుకోనీకి సిగ్గుపడుతుండు. ఆ సిగ్గు ఎంత వరకు నాయమో మీనన్ బతుకు సూస్తే తెలుస్తది. అట్లనే సర్కారు నిచ్చెన యాడ ఇరుకుగ ఉన్నదో సుత తెలుస్తది.

ముందుగాల ఆ నిచ్చెన ఎట్లుండెనో తెల్సుకోవాలె. ఇంగ్లీషోళ్ల పాలనల దేశం మొత్తం నడిపింది ఐసీఎస్ అనే ఒక చిన్న గుంపు. దానికి పరీక్ష లండన్‌ల పెడుతుండె. ఓడ కిరాయి పెట్టుకొని సముద్రం దాటిపోతేనే రాసుడు. మనోళ్లల్ల తొల్త పాసైంది బెంగాల్‌కు చెందిన సత్యేంద్రనాథ్ ఠాగూర్, 1863ల. మన దేశంల సుత పరీక్ష పెట్టుడు 1922 కాడికెల్లి గని మొదలు కాలే. ఇంత పెద్ద దేశానికి ఐసీఎస్‌లు వెయ్యి మందికి అటు ఇటు. పరీక్ష పాసైనోడు అసిస్టెంట్ కలెక్టర్‌గ మొదలైతడు. ఆ తర్వాత కలెక్టరో, జిల్లా జడ్జో అయితడు. ఆ పైన సెక్రటేరియట్‌కు పోతడు. నసీబు మంచిగుంటే ఒక రాష్ట్రానికి గవర్నర్ సుత అయితడు.

వాళ్ల కింద ప్రొవిన్షియల్ సర్వీసు ఉండె. డిప్యూటీ కలెక్టర్లు గా లెక్కల వస్తరు. ఇంకా కింద తాసిల్దార్లు, గుమస్తాలు. కిందోడు ఎంత పనిమంతుడైనా పైగుంపులకు పోవుడు శానా కష్టం. ఐసీఎస్‌లకు పెట్టిన కుర్చీలల్ల కొన్నిటిని మాత్రం లిస్టు రాసి ప్రొవిన్షియల్ ఆఫీసర్లకు ఇడిచిన్రు. గవి యేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. గుమస్తాకైతే గా లిస్టుల సుత జాగ లేదు.

కేంద్ర సెక్రటేరియట్‌ల నడిమిట్ల ఒక గోడ ఉండె. గోడకు పైదిక్కు అండర్ సెక్రటరీ, డిప్యూటీ సెక్రటరీ, జాయింట్ సెక్రటరీ, సెక్రటరీ. వీళ్లు ఆఫీసర్లు. కిందిదిక్కు క్లర్కు, అసిస్టెంట్, సూపరింటెండెంట్. వీళ్లు ఆఫీసు సిబ్బంది. పైనున్న ఆఫీసర్లు రాష్ట్రాలకెల్లి కొన్నేండ్లకు డిప్యుటేషన్ మీద వచ్చి, మళ్ల తమ రాష్ట్రానికి పోవాలె. 1905ల కర్జన్ కాలంల ఖాయమైన పద్ధతి ఇది. గోడ కిందిదిక్కు ఉన్నోళ్లు మాత్రం యాడికి పోరు. అంటే కుర్చీ మీద కూసున్నోడు మారుతుంటడు, ఫైలు జ్ఞాపకం మాత్రం గుమస్తా తలకాయల ఉంటది. మీనన్ కథ అర్థం కావాలంటే ఈ ఒక్క ముచ్చట యాది పెట్టుకోవాలె.

మీనన్ 1893 సెప్టెంబర్ 30న పుట్టిండు. మలబార్‌ల ఒట్టపాలం పక్కన పల్లె. గా దినాలల్ల మలబార్ సుత మద్రాసు ప్రెసిడెన్సీలనే ఉండె, కోస్తా జిల్లాలు, రాయలసీమ ఉన్నట్టు. నాయిన బడిల పెద్దసారు. ఇంటి నిండ పిల్లలు, అందరికన్న పెద్దోడు ఈయన. సారు కొడుకే అయినా ఈయన సదువు నడిమిట్లనే ఆగిపోయింది. చిన్నతనంలనే ఇల్లిడిచి పోయిండు. కోలార్ బంగారు గనుల కాడ కూలి పని, బెంగళూరుల పొగాకు కంపెనీల గుమస్తా పని, దొరికిన పనల్ల చేసిండు. కాలేజీ పట్టా లేదు, లండన్ పోయే పైసలు లేవు, చెయ్యి పట్టుకొని లోపలికి తీస్కపోయే దొర లేడు.

1914ల సర్కారు కొలువు దొరికింది. భారత ప్రభుత్వ హోమ్ శాఖల గుమస్తా. ఎండకాలం వస్తే ఇంగ్లీషు సర్కారు మొత్తం మూటాముల్లె కట్టుకొని సిమ్లా కొండల మీదికి పోతుండె. ఆ సర్కారుతో పాటు ఈ మలయాళీ పోరగాడు సుత కొండెక్కిండు. టైపు చేసుడు, నకలు తీసుడు, ఫైళ్లు వరుసల పెట్టుడు, పాత కాయితం యాడుందో దేవులాడి తెచ్చిచ్చుడు. పేరు బయటికి రాని పని.

1917ల ఒక మలుపు వచ్చింది. ఇండియాకు కొద్దికొద్దిగ స్వపరిపాలన ఇస్తమని లండన్ సర్కారు ప్రకటించింది. ఆ సంస్కరణల పనిలకు మీనన్‌ను వేసిన్రు. మాంటేగు, చెమ్స్‌ఫర్డ్ అనే ఇద్దరు దొరల పేరు మీద వచ్చిన 1919 చట్టం అక్కడికెల్లే పుట్టింది. ఆఫీసర్లకు ఆ సీటు మీద పెద్ద మోజు లేకుండె. కలెక్టర్‌కు ఉండే దర్పం అక్కడ లేదు, గుర్రం లేదు, క్యాంపు లేదు. అంతా కాయితాల మీద కాయితాలు. మీనన్ మాత్రం ఆ సీటును పట్టుకున్నడంటే మళ్ల ముప్పై యేండ్లు ఇడువలే.

ఆ ముప్పై యేండ్లల్ల ఏం జరిగిందో సూడుండ్రి. సైమన్ కమిషన్ వచ్చింది. లండన్‌ల రౌండ్ టేబుల్ సమావేశాలు నడిచినయి. 1935 చట్టం వచ్చింది. 321 సెక్షన్లు, 10 షెడ్యూళ్లు. మన రాజ్యాంగంల సగానికి పైన దానికెల్లే తీసుకున్నరని సదువుకున్నోళ్లందరికీ తెల్సు. ఏ పార్టీ ఏం అడిగింది, ఏ దొర ఏం అన్నడు, ఏ మాట ఏ కాయితంల యాడ మారింది అనేది ఈయనకు కొసనాలుక మీద ఉంటుండె. మీద ఆఫీసర్లు మారినరు, వైస్రాయిలు మారినరు, ఈయన అక్కడనే ఉన్నడు. మెల్లగ ఒక్కో మెట్టు ఎక్కిండు. 1942ల రిఫార్మ్స్ కమిషనర్ అయిండు. రాజ్యాంగం సంగతులల్ల వైస్రాయికి సలహా ఇచ్చే కుర్చీ అది. లిన్‌లిత్‌గో, వేవెల్, మౌంట్‌బాటన్, ముగ్గురు వైస్రాయిల కింద చేసిండు.

అయితే కుర్చీ వచ్చినా గోడ మొత్తం కూలిపోలే. 1947 మార్చిల మౌంట్‌బాటన్ వచ్చినప్పుడు తనతోని ఇంగ్లీషు బలగాన్ని తెచ్చుకున్నడు. అధికార మార్పిడి ప్లాన్ మొదట గీసింది ఆ బలగమే. మీనన్ హిందువు, పటేల్‌కు దగ్గరోడు అని లోపలి చర్చలకు దూరం పెట్టిన్రు. ఆ ప్లాన్ ప్రకారం రాష్ట్రాలు ముందుగాల ఎవలకు వాళ్లు నిర్ణయం చేస్కొని, తర్వాత కలుస్తరో లేదో సూస్కోవాలె. దేశం చిన్నచిన్న తునకలయ్యే తొవ్వ అది. మే నెలల సిమ్లాల మౌంట్‌బాటన్ ఆ కాయితం నెహ్రూకు సూపిచ్చిండు. నెహ్రూ సదివి అగ్గి మీద గుగ్గిలం అయిండు. కుదరదన్నడు.

అప్పుడు గని వాళ్లకు మీనన్ యాదికి రాలే. ఆయన కాడ వేరే ఆలోచన ముందే ఉన్నది. రెండు దేశాలకు డొమీనియన్ హోదా ఇచ్చి, ఉన్న 1935 చట్టాన్నే కొంచెం మార్చి అధికారం అప్పజెప్పుడు అనేది ఆ ఆలోచన. పటేల్‌తోని ఆ ముచ్చట అంతకు ముందే మాట్లాడి పెట్టుకున్నడు. ఇగ పొద్దుగూకేలోపల కొత్త ప్లాన్ రాయాలన్నరు. నాలుగు గంటల్ల రాసిండు. ఏ సిమ్లాల గుమస్తాగ ఫైళ్లు మోసిండో, ఆ సిమ్లాలనే. జూన్ 3న దేశానికి ప్రకటించిన ప్లాన్‌కు పునాది ఆ నాలుగు గంటల రాతే. కానీ నాలుగు గంటలన్నది చేతికి పట్టిన టైం. తలకాయల అది తయారయ్యేతందుకు ముప్పై యేండ్లు పట్టింది.

1947 జూలై 5న సంస్థానాల శాఖ మొదలైంది. పటేల్ మంత్రి, మీనన్ సెక్రటరీ. 1914ల గుమస్తాగ చేరినోడు ముప్పై మూడేండ్లకు సెక్రటరీ కుర్చీల కూసున్నడు. దాని మీద ఆఫీసరుకు ఇంకో మెట్టు లేదు. చేతుల ఉన్న టైం ఆరు వారాలు. సంస్థానాలు 560కి పైన. ఇంగ్లీషోళ్లు పోంగనే ఎవలకు వాళ్లం రాజులమే అనుకునేటోళ్లు అండ్ల మస్తు మంది.

ఇక్కడ ఫైలు తెలివి పనికొచ్చింది. రాజులను అన్నీ ఒక్కసారి ఇడిచిపెట్టుమంటే ఒప్పుకోరు. అందుకే మూడు సంగతులే అడిగిన్రు. రక్షణ, విదేశీ వ్యవహారాలు, రాకపోకలు-తంతి-తపాలా. ఈ మూడూ అంతకు ముందు సుత ఇంగ్లీషోళ్ల చేతులనే ఉండె కాబట్టి రాజుకు కొత్తగ పోయేది ఏం లేనట్టే కనిపిస్తది. ఆగస్టు 15 నాటికి మన దిక్కున్న సంస్థానాలల్ల హైదరాబాద్, కశ్మీర్, జునాగఢ్ లాంటి కొన్ని తప్ప తక్కినయి దస్కతు పెట్టినయి. జోధ్‌పూర్ మహారాజు దస్కతు పెట్టినంక పెన్ను లెక్క కనిపించే చిన్న పిస్తోలు తీసి మీనన్ మీదికి సూపిచ్చిండు. ఈయన బెదరలే. తర్వాత తొవ్వ ఇంకా ముందుకు పోయింది. ఒడిశా చిన్న సంస్థానాలు 1947 డిసెంబర్‌ల రాష్ట్రంల కలిసినయి. కాఠియావాడ్‌ల 222 సంస్థానాలు, జాగీర్లు కలిపి సౌరాష్ట్ర అయింది. రాజులకు భరణం ఖాయం చేసిన్రు, అదే తర్వాత రాజభరణాల పంచాది అయింది.

ఇగ మన హైదరాబాద్. నిజాం ఏ దేశంల కలువనన్నడు. 1947 నవంబర్ 29న యథాతథ ఒప్పందం మీద దస్కతులు అయినయి. ఏడాది దాక ఉన్నది ఉన్నట్టు ఉండాలె అనేది దాని మతలబు. ఆ ఏడాది నిమ్మళంగ గడువలే. ఊర్లల్ల రజాకార్ల దాడులు పెరిగినయి. ఢిల్లీల మాటల మీద మాటలు నడిచినయి. 1948 సెప్టెంబర్ 13న ఫౌజు వచ్చింది, 17న నిజాం చేతులెత్తిండు.

ఇక్కడ ఒక మాట కచ్చితంగ చెప్పాలె. మీనన్ సూసింది ఢిల్లీ కిటికీల కెల్లి. కడవెండిల దొడ్డి కొమురయ్య పానం పోయింది 1946 జూలైల. అప్పటికి మీనన్ శాఖ పుట్టనే లేదు. దొరల గడీల మీదికి రైతులు లేసింది, చాకలి ఐలమ్మ తన భూమి కోసం నిలబడింది ఢిల్లీ ఫైళ్ల పుణ్యాన కాదు. ఢిల్లీ ఫైళ్లల్ల ఆ రైతుపోరు శాంతిభద్రతల సమస్యగనే కనిపించింది, 1951 దాక ఫౌజు తుపాకులు ఊర్ల మీద ఉన్నయి. పోలీసు చర్య ఎనుకనుంచి జరిగిన ఊచకోత మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక యేండ్లకు యేండ్లు బయటికి రాలే. ఫైలు తెలిసినోడికి ఊరు తెల్వకపోవచ్చు. పెద్ద కొలువుకు పోవాలనుకునే ప్రతి ఒక్కలు యాది పెట్టుకోవలసిన ముచ్చట ఇది.

ఇంకో సంగతి సుత అక్కడికెల్లే మొదలైంది. పాత సర్కారు పోంగనే మద్రాసు, బొంబాయి, మధ్య పరగణాల కెల్లి ఆఫీసర్లు, ఉద్యోగులు దిగిన్రు. ఉర్దూల సదువుకున్న మనోళ్లు ఎనుకపడ్డరు. మన కొలువులు మనకే కావాలెనని 1952ల ముల్కీ పోరు లేసింది, పట్నంల సిటీ కాలేజీ కాడ పోరగాళ్ల మీద తుపాకులు పేలినయి. కుర్చీల ఎవలు కూసుంటరన్నది మన గడ్డ మీద ఎన్నడూ ఒట్టి కొలువు ముచ్చట కాదు. అది పానాల మీదికొచ్చిన ముచ్చట.

మళ్ల మీనన్ కాడికి వద్దాం. 1950 డిసెంబర్ 15న పటేల్ సచ్చిపోయిండు. మీనన్ దీపం సుత అక్కడికెల్లి చిన్నగైంది. 1951ల కొద్ది దినాలు ఒడిశాకు గవర్నర్‌గ పంపిన్రు. మొదటి ఆర్థిక సంఘంల సభ్యునిగ వేసిన్రు, అండ్ల సుత పూర్తిగ ఉండలే. దేశం పటం గీసిన మనిషికి అరవై యేండ్లు నిండకముందే ఢిల్లీల పని లేకుండ పోయింది. ఐసీఎస్ వాళ్లకు వెనుక ఒక బలగం ఉంటది. ఒకే బ్యాచోళ్లు, ఒకే రాష్ట్రపోళ్లు ఒకలనొకలు సూస్కుంటరు. ఈయనకు గా బలగం లేదు. ఉన్నది ఒక్క పటేల్. ఆయన పోంగనే ఈయన ఒంటరోడయిండు. నిచ్చెన లేకుండ ఎవలో చెయ్యి అందిస్తే పైకి ఎక్కినోనికి ఉండే గోస ఇదే.

బెంగళూరు పోయి కూసున్నడు. పటేల్‌కు మాటిచ్చిన రెండు పుస్తకాలు రాసిండు. సంస్థానాల విలీనం మీద ఒకటి 1956ల, అధికార మార్పిడి మీద ఒకటి 1957ల వచ్చినయి. ఇయ్యాల్టికీ ఆ కాలం మీద రాసేటోళ్లు ఆ పుస్తకాలు తెరువక తప్పదు. 1959ల రాజాజీ పెట్టిన స్వతంత్ర పార్టీల చేరిండు. గుంటూరు జిల్లా ఎన్జీ రంగా అధ్యక్షునిగ ఉన్న పార్టీ అది. 1965 డిసెంబర్ 31న బెంగళూరులనే కన్నుమూసిండు.

ఇగ మన కాలానికి వద్దాం. గోడ పూర్తిగ పోలే గని దర్వాజలు కొన్ని పడ్డయి. ఇయ్యాల ఐఏఎస్ కుర్చీలల్ల మూడో వంతు దాక రాష్ట్ర సర్వీసుల కెల్లి ప్రమోషన్ మీద, సెలెక్షన్ మీద నింపాలెనని రూల్ ఉన్నది. గ్రూప్-1ల డిప్యూటీ కలెక్టర్ అయినోడు కనీసం ఎనిమిదేండ్లు చేస్తే ఆ లిస్టుకు అర్హుడైతడు. రెవెన్యూ కాకుండ వేరే శాఖలల్ల పనిచేసేటోళ్లకు సుత అండ్ల ఒక చిన్న వాటా ఉన్నది. గ్రూప్-2ల కొలువు కొట్టి మండలంల చేరినోడు తాసిల్దార్, డిప్యూటీ కలెక్టర్ దాక పోయే తొవ్వ ఉన్నది. ఢిల్లీల అయితే ఎస్సెస్సీ సీజీఎల్ రాసి అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్‌గ చేరొచ్చు. అక్కడికెల్లి సెక్షన్ ఆఫీసర్, అండర్ సెక్రటరీ, డిప్యూటీ సెక్రటరీ, డైరెక్టర్. కొద్దిమంది జాయింట్ సెక్రటరీ దాక పోతరు. ఏడో వేతన సంఘం లెక్కల ఆ అసిస్టెంట్ మూల వేతనం 44,900 కాడ మొదలైతది, కొత్త ఐఏఎస్‌ది 56,100 కాడ. మొదటి దినం నడిమిట్ల తేడా పదకొండు వేల రెండొందలు. అసలు తేడా జీతంల కాదు, ఎక్కే వేగంల ఉన్నది. ఒకడు అదే టైంల కొసదాక పోతడు, ఇంకొకడు ప్రమోషన్ కేసులు కోర్టుల నలుగుతుంటే ఒకే మెట్టు మీద యేండ్లు గడుపుతడు.

అందుకే మీనన్‌ను సూపిచ్చి, కష్టపడితే గుమస్తా సుత సెక్రటరీ అయితడని మీకు చెప్పను. అది సగం అబద్ధం. వేలమంది గుమస్తాలు అంతే కష్టపడి సూపరింటెండెంట్ కాడనే రిటైర్ అయిన్రు. ఒక గుమస్తా పైకి రావాలంటే ఒక సామ్రాజ్యం కూలవలసి వచ్చింది, ఒక పటేల్ దొరకవలసి వచ్చింది. గది నిచ్చెన బలం కాదు, దాని లోపం. కింద పనిచేసేటోని తెలివిని టైంకు గుర్తుపట్టి పైకి తెచ్చే పద్ధతి సర్కారు ఇయ్యాల సుత సరిగ్గ పెట్టలే. డిపార్ట్‌మెంట్ పరీక్షలు టైంకు పెట్టుడు, సీనియారిటీ లిస్టులు యేండ్లకు యేండ్లు ఆపకుండుడు, ఐఏఎస్‌కు ప్రమోషన్ కోటా ఏడాదికేడాది నింపుడు. ఇవి అడిగే హక్కు కొలువుల ఉన్నోళ్లకు, రేపు చేరేటోళ్లకు ఉన్నది.

కానీ మీనన్ బతుకుల మన చేతిల ఉన్న ముచ్చట సుత ఒకటున్నది. పెద్దోళ్లు మోజుపడని సీటును పట్టుకొని, దాని మూలం దాక తెల్సుకున్నడు. రేపు మీరు గ్రూప్-4ల చేరి మున్సిపల్ ఆఫీసుల కూసుంటే ఆస్తి పన్ను లెక్క కమిషనర్ కన్న మీకే బాగ తెలుస్తది. తాసిల్ ఆఫీసుల కూసుంటే, పహాణీల పేరు యాడ తప్పిందో, ఏ ముసలవ్వ ఎన్నిసార్లు తిరిగిందో కొత్తగ వచ్చిన సబ్ కలెక్టర్‌కు తెల్వది, మీకు తెలుస్తది. ఫైలు పోయిందని ఆ అవ్వను తిప్పి పంపొచ్చు. లేకుంటే దేవులాడి తీసి, తప్పు ఇక్కడున్నది సారూ అని ఆఫీసరు ముంగట పెట్టొచ్చు. ఆ పనికి ర్యాంకు అక్కర లేదు.

అశోక్‌నగర్ రూముల కూసోని ఇది సదువుతున్న తమ్మీ, పెద్ద పరీక్ష రాయి, దమ్మున్నంత కాలం రాయి. నడిమిట్ల చిన్న కొలువు చేతికొస్తే మాత్రం సిగ్గుపడి ఇడువకు. ఊర్లె అమ్మ నాయిన ఎదురుసూస్తున్నరు, నీ వయసు సుత ఆగది. కొలువుల చేరి సుత పరీక్ష రాయొచ్చు. సిమ్లా కొండ మీద ఫైళ్లు మోసుకుంట పోయిన మలబార్ పోరగానికి తన తొవ్వ యాడికి పోతదో ఆ దినం తెల్వది. చేతిల ఉన్న కాయితం మాత్రం ఆఖరి వరుస దాక సదివిండు.